రీస్టార్ట్ చేయని ప్రసాదన్న

మా పెంచలప్రసాద్ అన్న దేన్నీ రీస్టార్ట్ చేయడు. ఇంకొకర్ని చేయనివ్వడు. "ఎందుకాగిందో తెలీకుండా మళ్ళీ మొదలుపెడితే ఎట్టా?" అంటాడు. ఒకసారి ఆయన ఫోను బిగుసుకుపోతే రెండు రోజులు దాన్నట్లాగే జేబులో పెట్టుకుని తిరిగాడు. అర్జెంటయితే చేయమని ఊళ్ళో అందరికీ నా నంబరిచ్చాడు. అందరూ చేశారు కూడా.

నా పేరు వినీల. నెల్లూరులో మాదో చిన్న కంపెనీ, మేడమీద రెండు గదులు. రొయ్యల గుంటల నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెలో ఉండే పైథాన్ ప్రోగ్రాం రాసేది ఆయన. ఆ పెట్టె మోసుకుపోయి గట్టు మీద బిగించేది, రైతుల చేత తిట్లు తినేది నేను.

ఆయన ఇంటి సంగతి రేవతి వదిన చెప్పింది. ఒకరోజు టీవీలో వంటల ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఒకావిడ గరిటె పైకెత్తి అట్లాగే నిలబడిపోయింది. ఈయన రిమోటు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం దాకా ఆ గరిటె చూసీ చూసీ ఒళ్ళు మండి వదిన ప్లగ్గు పీకేసింది.

"ఎవరు ఆపింది?"

"కరెంటు పోయింది."

ఆయన పోయి పక్కింటి ఆదెయ్యగారిని అడిగొచ్చాడు. "వాళ్ళకి పోలేదంటనే!"

దాని మీద గొడవైంది. అరగంటకి వదినే తగ్గి, "పోనీలెండి, ఇదంతా వదిలేసి మళ్ళీ మంచిగా మాట్లాడుకుందాం" అంది. "వద్దు రేవతీ, ఎక్కడ ఆగినామో అక్కడే ఉండు. అసలు యాడ మొదలైందో చూద్దాం" అన్నాడట ఈయన. ఆ పూట ఆయనకి అన్నం పెట్టలేదని వదిన నాతో గర్వంగా చెప్పింది.

ఇక బస్సు సంగతి. వెంకటాచలం దగ్గర మా బస్సు ఆగిపోయింది. డ్రైవరు తాళం తిప్పబోతుంటే ఈయన లేచి, "ఆగన్నా! ముందు ఎందుకాగిందో చూడు!" అని అరిచాడు. బస్సంతా ఒక్కటై మమ్మల్ని దించేసింది. ఆయనతో పాటు నన్నెందుకు దించారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

మొన్న వాకాడు దగ్గర పద్మనాభయ్యగారి గుంట నుంచి ఫోనొచ్చింది. పెట్టె ఆగిపోయిందట. వారంలో మూడోసారి. మూడుసార్లూ గురవమ్మ డ్యూటీలోనే. ఆమె గట్టు మీద కాపలా ఉండి, పెట్టెకి యూఎస్‌బీ వైరుతో ఫోను తగిలించి రీడింగు చూసే మనిషి. ఆ రోజు మబ్బు కమ్ముకుంది. మబ్బు పడితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి.

మేం చేరేసరికి ఒంటిగంటైంది. పద్మనాభయ్యగారు మండిపోతున్నారు.

"ఈమె ఆ వైరు గుచ్చి గుచ్చి చెడగొట్టింది! రేపట్నించి పనికి రావద్దని చెప్పేసినా."

గురవమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మీరు చూడమంటేనే గదయ్యా చూస్తుండా. ఈ పని పోతే నేను యాడికి పోవాల?" అంది.

నేను ప్రసాదన్న పక్కకి జరిగి, "బటన్ నొక్కన్నా. రెండు నిమిషాల పని. నొక్కేసి పోదాం" అని గొణిగాను.

"నొక్కితే పెట్టె లేస్తాది. ఎందుకు పడిందో మాత్రం చెరిగిపోతాది" అన్నాడు.

"మరి నా రొయ్యలు?" అన్నారు పద్మనాభయ్యగారు.

"నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ వేయించండి సార్. వినీల చేతి మీటరుతో కొలుస్తా ఉంటది. నాకో గంట టైమియ్యండి."

నేను మోకాటి లోతు బురదలో దిగి మీటరు ముంచుతూ, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆయన గట్టు మీద బాసింపట్టు వేసుకుని, పెట్టెలోపలికి సన్నటి వైర్లు తగిలించి, బిగుసుకుపోయిన మెమరీలో ఏమేం మిగిలిందో లాప్‌టాప్‌లో ఒక్కొక్కటే చూస్తున్నాడు. గంట దాటాక తలెత్తాడు.

"దొరికింది. తప్పు నాదే."

పద్మనాభయ్యగారు నోరు తెరిచారు.

"వైరు పెట్టినప్పుడల్లా నా ప్రోగ్రాం మెమరీలో కొంచెం చోటు తీసుకుంటాది సార్. తీసినాక ఆ చోటు ఖాళీ చేయాల. చేయట్లేదు. పెళ్ళిలో ఎంగిలాకులు ఎత్తకుండా కొత్త బంతికి కొత్త ఆకులు పక్కన వేస్తా పోయినట్టు. ఇరవై బంతులకి పందిరి నిండిపోయింది."

"మరి మిగతావాళ్ళ డ్యూటీలో బాగానే ఉండాదే?"

"వాళ్ళు ఎన్నిసార్లు చూస్తారు?"

గురవమ్మ మెల్లగా, "పొద్దునోసారి, దిగిపోయేటప్పుడోసారి" అంది.

"అంతే. రోజూ తెల్లారి బ్యాటరీ మార్చినప్పుడు పెట్టె ఆరిపోయి మెమరీ ఖాళీ అవుతాది. వాళ్ళకి ఎప్పుడూ నిండదు. పావుగంటకోసారి చూడమని మీరు చెప్పినారు. చెప్పినట్టు చూసింది ఈ అక్క ఒక్కతే. అందుకే ఈమెకే ఆగింది."

పద్మనాభయ్యగారు గుంట వైపు తిరిగి నిలబడ్డారు.

ప్రసాదన్న ప్రోగ్రాంలో రెండు లైన్లు సరిచేశాడు. "ఇప్పుడు ఆపొచ్చు" అని బటన్ నొక్కాడు. ఆయన తన చేత్తో రీస్టార్ట్ చేయడం ఈ ఆరేళ్ళలో నేను చూడ్డం అదే మొదటిసారి. తర్వాత వైరు గురవమ్మ చేతికిచ్చి, "నూరుసార్లు పెట్టి తియ్యక్కా. ఆగితే నన్ను తిట్టు" అన్నాడు.

"ముందే నొక్కేసి ఉంటే తప్పు నీదని ఎవరికీ తెలిసేది కాదు గదన్నా?" అన్నాను నేను.

"తెలిసేది కాదు. కానీ పెట్టె బాగానే లేచిందంటే, అందరూ పక్కనున్న మనిషినే అంటారు వినీలా. ఎప్పుడూ అంతే."

ఆరేళ్ళుగా ఆయన పట్టుదలని పిచ్చి అని ఊరంతా చెప్పుకు తిరిగినందుకు నాకు సిగ్గేసింది. ఆ బురద కాళ్ళతోనే ఆయన పక్కన కూర్చున్నాను.

గురవమ్మ ఇరవయ్యోసారి పెట్టింది. ఇరవయ్యొకటి. రీడింగొచ్చింది. ముప్పై దాటింది. నలభై దాటింది.

పద్మనాభయ్యగారు గొంతు సవరించుకున్నారు. "చాల్లే గురవమ్మా. రేపు పొద్దున్నే వచ్చెయ్."

ఆమె తలెత్తలేదు. "ఉండండయ్యా. ఆయన నూరన్నాడు, నలభై ఆరే అయినాయి."

పద్మనాభయ్యగారు చెప్పులు విప్పి, గట్టు మీద ఆమెకెదురుగా కూర్చున్నారు. నలభై ఏడు నుంచీ లెక్క ఆయనే పెట్టారు.