ఆపా నేర్పిన అఫర్డ్

మా ఆపా పోయింది. శుక్రవారం పొద్దున జగిత్యాల ఆసుపత్రిలో డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటున్నాను. కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, ఆపా మనకు లేదింక" అని ఒక్క మాట చెప్పి, ఏడుపు ఆపుకోలేక ఫోన్ పక్కింటామె చేతికిచ్చింది. గుండె జబ్బుతో కొంతకాలంగా మంచాన ఉందని తెలుసు. తెలిసినా, నల్లా కట్టేయడం మరిచిపోయి అట్లాగే నిలబడిపోయాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. మాకు ఆమె సర్కారు బడిలో ఇంగ్లీష్ టీచరు. మా వాడకట్టులోనే ఉండేది కాబట్టి బడిలో కూడా మేడం అని ఎవరూ అనలేదు. పిల్లలకూ పెద్దలకూ ఒకటే పిలుపు. సిరిసిల్లలో పుట్టి పెరిగి, పెళ్లయి కోరుట్లకు వచ్చింది. క్లాసులో ఎవరైనా కునుకు తీస్తే, తిట్టే ముందు నుదుటి మీద చేయి వేసి చూసేది, జ్వరమేమోనని. మేం ఇంగ్లీష్ మాట్లాడటానికి నోరు తెరవకపోతే, "గా ఇంగ్లీష్‌కు గంత భయమేంది? అది మనకన్న ఎక్కువ తప్పులు చేసుకుంటనే గింత దూరం అచ్చింది" అనేది.

నేను పదో తరగతిలో ఉండగా తెలంగాణ కోసం సమ్మె మొదలై బళ్లు మూతపడ్డాయి. ఆపా కూడా సమ్మెలో ఉంది. పొద్దున మిగతా టీచర్లతో కలిసి చౌరస్తాలో టెంటు కింద కూర్చునేది. మధ్యాహ్నం మమ్మల్ని తన ఇంటి వాకిట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పేది. ఉద్యమంలో తిరిగే యువకుడొకడు ఒకరోజు గడపలో నిలబడి అడిగాడు.

"ఆపా, సమ్మె అంటిరి, మల్ల సదువు చెప్తాన్రు. గిదెట్ల?"

"బడి బందు పెట్టినం తమ్మీ, పిల్లలను బందు పెట్టలే. రేపు తెలంగాణ అస్తె ఆఫీసులల్ల కూసునేది ఎవలు? వీళ్లు గాదా?"

అతను నవ్వి, చెప్పులు విడిచి లోపలికొచ్చి చాయ తాగి వెళ్లాడు.

ఆ వాకిట్లోనే ఒక మధ్యాహ్నం డబ్బుకు సంబంధించిన మాటలు చెప్పింది. 'వెల్ ఆఫ్' అంటే ఏమిటని అడిగితే మా క్లాసు పిల్లవాడొకడు లేచి, "బాయి మోటరు బందయిందని" అన్నాడు. ఆపా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "మన దిక్కు బాయి నడుస్తెనేరా ఉన్నోళ్లు" అంది. తర్వాత 'అఫర్డ్' దగ్గరికి వచ్చింది. ఒకరు కొనుడు అన్నారు, ఇంకొకరు పైసలుండుడు అన్నారు.

"పైసలుండుడు వేరే, ఒక పని చెయ్యనీకి సరిపోను మనతాన ఉండుడు వేరే. తాహతు అంటం, స్తోమత అంటం. నాకైతె గుంజాయిష్ అనుడే నచ్చుతది. పెట్టెల ఇంకో చీర పట్టేటంత జాగ ఉంటె గుంజాయిష్ ఉన్నదంటం గదా, గట్ల. అది పైసలకే గాదు, టైముకు ఉంటది, ఓపికకు ఉంటది."

ఒక్కొక్కరినీ ఒక వాక్యం చెప్పమంది. నా వంతు వచ్చింది. లేచి, "మై ఫాదర్ కెనాట్ అఫర్డ్ మై స్టడీస్" అన్నాను.

"కరెక్ట్" అంది అలవాటుగా. అన్న తర్వాత ఆమె ముఖం మారిపోయింది.

ఆ ఏడు కథలాపూర్ దగ్గర తాడిచెట్టు మీద నుంచి పడి మా బాపు మంచం పట్టాడు. అమ్మ చేసే బీడీల మీదే ఇల్లు నడుస్తోంది. సమ్మె అయిపోయినా నేను బడికి పోకూడదని ఇంట్లో అనుకున్నాం.

పొద్దు గూకకముందే ఆపా మా ఇంటికి వచ్చింది. బాపు లేవబోతే వద్దని చేయి ఊపి, అమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"పిల్లను బడి మాన్పిస్తున్నం ఆపా. ఏమనుకోకు, మాకు తాహతు లేదు" అన్నాడు బాపు గోడ వైపు చూస్తూ.

"సర్కారు బడికి ఫీజు లేదు గదన్నా?"

జవాబు అమ్మ చెప్పింది. "ఫీజు గాదు ఆపా. అది నా పక్కన కూసుంటె ఇంకో రెండు చేతులైతయి. బియ్యం అస్తయి."

సమ్మెతో ఆపా జీతం కూడా ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు, అత్తగారి మందులు. అది వాడకట్టులో అందరికీ తెలుసు.

"ఇయ్యనీకి నా దగ్గర పైసల్ లెవ్వు వదినా. చేతులైతే ఉన్నయి. మా అమ్మ సిరిసిల్లల బీడీలు చేసుకుంటనే నన్ను సదివిచ్చింది. ఆ చాట ఇటియ్యి."

తునికాకు తీసుకుని, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. వదులుగా వచ్చింది. అమ్మ దాన్ని విప్పేసింది. ఆపా ఇంకొకటి చుట్టింది. అమ్మ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి కట్టలో పెట్టింది.

సమ్మె నడిచినన్నాళ్లూ పాఠం అయిపోగానే ఆపా మా ఇంటికి వచ్చి నా వంతు బీడీలు చేసింది. నేను ఎదురుగా కూర్చుని గట్టిగా చదవాలి. ఆమె కళ్లు ఆకు మీద, చెవులు నా మీద. ఒకరోజు నేను 'నైఫ్'ను 'కనైఫ్' అని చదివితే, ఆపా కన్నా ముందే అమ్మ, "మొదటి అక్షరం పలకదని ఆపా అన్నది గదనే!" అని కసిరింది. ఆపా చాట కింద పెట్టి అమ్మను కావలించుకుంది.

బడి తెరిచేనాటికి బాపు లేచి కూర్చోగలిగాడు. అమ్మను అడిగి కత్తెర తీసుకుని ఆకు కత్తిరించడం నేర్చుకున్నాడు. "ఇగ నువ్వు బడికి పో ఆపా. నా చేతులు అచ్చినయి" అన్నాడు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరైనా "మాకు తాహతు లేదు సిస్టర్" అంటే నేను ఆ మాట దగ్గరే ఆగిపోను. ఏం లేదో అడుగుతాను. కొందరికి డబ్బు ఉండదు. కొందరికి పేషెంటు పక్కన కూర్చునే మనిషి ఉండడు. రెండోదానికి చాలాసార్లు మేమే ఎవరినో ఒకరిని సర్దగలుగుతాం.

శుక్రవారం మధ్యాహ్నం నేను కోరుట్ల చేరేసరికి జనాజా బయలుదేరుతోంది. మా బాపు కర్ర ఊతంగా పట్టుకుని, ఎవరు వద్దన్నా వినకుండా, ఖబ్రస్తాన్ దాకా వెనకాలే నడిచాడు.

ఆపాను తలుచుకుంటే నాకు మాత్రం కోరుట్ల బస్టాండే కనపడుతోంది. పది పాసై, హాస్టల్ సీటు దొరికి నేను జగిత్యాలకు బయలుదేరిన రోజు అది. బస్సు ఇంకా ఆగనే లేదు, జనం తలుపు మీద పడ్డారు. ఆపా కొంగు నడుముకు చెక్కి, బస్సు పక్కన పరుగెత్తి, కిటికీలోంచి చెమట తుడుచుకునే తన దస్తీ లోపలికి విసిరింది. "గా సీటు మా పిల్లది! ఎవలూ కూసోకుర్రి!" అని అరిచింది. నేను నెట్టుకుంటూ ఎక్కి చూసేసరికి, నిలబడ్డ అంతమంది మధ్య ఆ సీటు ఖాళీగా ఉంది. దాని మీద, చెమటకు తడిసిన చిన్న తెల్ల దస్తీ.