నాన్నగారి తొడలో స్క్రూలు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. రాజోలు దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలెడితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇది మాత్రం నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

డెబ్బైల మొదట్లో మా నాన్నగారు కాలవ వంతెన మీద సైకిలుతో పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. కాకినాడలో ఆపరేషన్ చేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఎముక చక్కగా అతుక్కుంది. అప్పట్నుంచీ ఆయనది ఒకటే పోరు, స్క్రూలు తీయించెయ్యమని.

"దేవుడిచ్చిన ఒంటితో మట్టిలోకి పోవాలిరా. ఈ ఇనుము నాతో రాకూడదు" అనేవారు.

డాక్టరుగారు ఒప్పుకోలేదు. అతికిన ఎముకలో స్క్రూలు ఉండిపోయినా ఫరవాలేదు, బాధ పెడితేనే తీస్తాం, ఈయన గుండె మత్తుమందుకి తట్టుకోదు అన్నారు. నాకూ అదే సబబనిపించింది. నాన్నగారు ఆ దిగులుతోనే మంచం పట్టి పోయారు. పోయే ముందు, ఆయన పోరు పడలేక తీయించిన ఎక్స్‌రేలో కూడా ప్లేటూ స్క్రూలూ తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. శవపెట్టెకి మేకులు నేనే కొట్టాను. గుంట మీద సిమెంటు పలక వేయించాం.

కొన్నాళ్లకి అమ్మ అన్నం వడ్డిస్తూ, "మీ నాన్నగారికి స్క్రూలు తీసేసేర్రా అబ్బాయ్. గాయం మానాలంట, కొన్నాళ్లు కదలకూడదంట" అంది. కల వచ్చి ఉంటుందనుకున్నాను. ఆవిడ మాత్రం నిమ్మళంగా ఉంది.

ఎనభైల్లో అమ్మ పోయింది. మా సమాధుల తోటలో చోటు తక్కువ. భార్యని భర్త గుంటలోనే పెడతారు. పాత ఎముకలు తీసి, కొత్త గుడ్డలో మూటగట్టి, కొత్త పెట్టె పక్కనే ఉంచుతారు. ఇప్పుడైనా నాన్నగారి కోరిక తీరుద్దామని, గుంట తవ్వే ఏసుదాసుకి ఆ ఇనుమంతా వేరుగా తీసి పెట్టమని చెప్పాను.

మేం పగలగొట్టేదాకా పలక చెక్కుచెదరలేదు. ఏసుదాసు బురదంతా చేత్తో పిసికి చూశాడు.

"ఇనుమన్నది లేదండి మాస్టారూ. ఇదిగోనండి తొడెముక" అని నా చేతికిచ్చాడు.

కడిగాను. విరిగి అతికిన చోట బొడిపె అలాగే ఉంది. అది నాన్నగారి ఎముకే. స్క్రూలు దిగిన చోట ఒక్క చిల్లు లేదు. నున్నగా ఉంది. మళ్లీ కడిగి, ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాను.

తర్వాత అమలాపురంలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి, అసలు సంగతి చెప్పకుండా, స్క్రూలు తీసేస్తే చిల్లులు అలాగే ఉండిపోతాయా అని అడిగాను.

"ఉండవండి. కొన్ని నెలల్లో ఎముకే పూడ్చుకుంటుంది" అన్నారు.

"చనిపోయినవాళ్లకైతేనండి?"

ఆయన నవ్వేరు. "భలేవారే మాస్టారూ. దానికి మనిషి బతికుండాలి కదండీ."

స్క్రూలు ఎవరు తీశారో నాకిప్పటికీ తెలియదు. ఆ సంగతి ఎలాగో పక్కన పెట్టినా, ఆ కొన్ని నెలలూ పలక కింద నాన్నగారు ఎలా ఉన్నారన్నది నన్ను వదలడం లేదు. అడుగుదామంటే అమ్మ లేదు.