కడుపు మెచ్చిన క్యాసెట్

ఒలిచిన నిమ్మతొక్క వాసన ఇంకా నా వేళ్ళకు ఉంది. సాయంత్రం ఫోన్‌లో కార్ల పందెం ఆట చూస్తూ చూస్తూ మా నాలుగేళ్ళ పాప ముఖం పాలిపోయి వాంతి చేసుకుంటే, ఆ తొక్క ముక్కు దగ్గర పెట్టి పడుకోబెట్టాను. కూర్చున్న చోటు నుంచి కదలకపోయినా, కళ్ళ ముందు బొమ్మ ఊగితే చాలు కడుపులో తిప్పడం దానికి నా నుంచే వచ్చింది. ఆ బెంగతో నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

తొంభైలలో, వడమాలపేటలో, మా నాయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. మామిడికాయలు కోతకొచ్చే ఎండాకాలమంతా పెళ్ళిళ్ళే. భుజం మీద బండలాంటి కెమెరా పెట్టుకుని, పందిట్లోంచి వంటల దగ్గరికీ, అక్కడి నుంచి మేళగాళ్ళ దగ్గరికీ పరుగులు పెట్టి తీసిన క్యాసెట్‌ను, పెళ్ళివాళ్ళకు ఇచ్చే ముందు మేమంతా చాప మీద కూర్చుని, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ కలిపిన బొరుగులు తింటూ చూసేవాళ్ళం. తాళి కట్టేలోపే నేను పెరట్లోకి పరుగెత్తి కక్కేసేదాన్ని.

"రేయ్, నువ్వు పెండ్లిని పట్టినావా, ఉయ్యాల్లో కూసోని ఊగినావా?" అనేది అవ్వ.

నాయన నవ్వేవాడు. కానీ పెళ్ళివాళ్ళు కూడా తల తిరుగుతోందని క్యాసెట్లు వెనక్కి తెచ్చాక ఆ నవ్వు పోయింది. పూతలపట్టులో ఒప్పుకున్న పెళ్ళి వీడియో కూడా చెడితే కెమెరా వదిలేసి తోట కాపలాకు పోతానన్నాడు.

అప్పుడు పాఠం చెప్పింది అవ్వే. నిండు చెంబు నాయన తల మీద పెట్టి మిద్దె మీద నడిపించింది. "మోకాళ్ళు మెత్తగా వంచరా! బిందె మోసే ఆడోళ్ళను ఎప్పుడూ సూడలేదా నువ్వు?" పక్క మిద్దెల మీద వడియాలు పెట్టేవాళ్ళు పకపకా నవ్వుతుంటే, వారం రోజులు చొక్కా తడుపుకుంటూ నడిచాడు. ఎనిమిదో రోజు చుక్క ఒలకలేదు.

పూతలపట్టు పెళ్ళి క్యాసెట్ చూసే రోజు నన్ను టీవీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఒళ్ళో బేసిను పెట్టారు. ఊరేగింపు అయింది, తాళి కట్టడం అయింది, బంతి భోజనాల ఆకులు ఒకదాని వెంట ఒకటి నిదానంగా సాగిపోయాయి. నాయన ఒక్కసారి కూడా టీవీ వైపు చూడలేదు, నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం మే, ఎట్లుండాది కడుపులో?"

"ఆకలిగా ఉండాది నాయనా."

ఆ తరువాత పెళ్ళివాళ్ళు క్యాసెట్ అందుకుంటూ, "పాప సూసినాదా?" అని అడిగేవాళ్ళు. మా నాయన పనికి నా కడుపే కొలబద్ద అని బడిలో అందరికీ చెప్పుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ వీసమెత్తు తగ్గలేదు.

ఆ క్యాసెట్లకు బూజు పట్టింది, వాటిని ఆడించే పెట్టె మూలపడింది, అవ్వ లేదు. పెళ్ళిళ్ళను ఇప్పుడు ఆకాశం నుంచి గిరగిరా తిప్పి తీస్తున్నారు. అన్నీ వచ్చాయి గానీ, బొమ్మ ఆడించేవాడు బొమ్మను వదిలి, చూసే బిడ్డ ముఖాన్ని చూడటం మాత్రం పోయింది.