నీళ్లు లేని బావికి వంతు

మా ముత్తాత ఏడు ఊళ్లకు పెద్ద. ఆయన గుర్రం దిగితే జమ్మలమడుగు కచేరీలో కుర్చీ వేసేవారు. మా తాత గ్రామ మునసబు. ఆ పదవి ఉన్నన్నాళ్లూ అది మా గడప దాటి పోలేదు. మా నాయన నాటికి పదవులు పోయాయి గానీ, పులివెందుల సంతలో ఆయన నడుస్తుంటే ముందున్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఇవి ఉన్న సంగతులు కాబట్టి రాస్తున్నాను. నేను ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురిని. నా తరువాత ఒక తమ్ముడు. నాకు పెళ్లి కాలేదు. మా అంతస్తుకు తగిన సంబంధం రాలేదని నాయన చెప్పేవాడు. ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను.

మా ఊరికి తూర్పున పేట ఉంది. అక్కడివాళ్లు పాతకాలంలో మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ల సంతానం. వాళ్ల తాతలు మా బావి మీద కపిల తోలారు. తోలుబొక్కెన, రెండెద్దులు, ఏటవాలు బాట, పొద్దుగూకే దాకా పాట. వాళ్ల పిల్లలు మాత్రం జమ్మలమడుగు మిషన్ బడికి పోయారు. మా ఇంటి పిల్లలకు అయ్యవారే ఇంటికొచ్చి చదువు చెప్పి పోయేవాడు.

తమ్ముడికి డిగ్రీ అయినాక ప్రొద్దుటూరులో ఉద్యోగం ఒకటి దొరికింది. నాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "జీతమిచ్చే ఇల్లు మనది. తీసుకునే ఇల్లు కాదు." తమ్ముడు పోలేదు. అది మా ఇంట్లో ఎవరికీ తప్పు మాటగా తోచలేదు. పేటలో అటువంటి మాట అనగలిగిన తండ్రి ఒక్కడూ లేడు. ఇప్పుడు ఆ ఇళ్లలో టీచర్లున్నారు, నర్సులున్నారు, రైల్వేలో గార్డు ఉన్నాడు. కపిల తోలినవాళ్ల మనవడు ఒకడు ఇథియోపియాలో యూనివర్సిటీలో అర్థశాస్త్రం చెబుతున్నాడు. మా ఇంట్లో మిగిలింది ఎండుముఖం పట్టిన చీనీ (బత్తాయి) తోట, బావిలో వంతు.

వంతు సంగతి చెప్పాలి. ముత్తాత తవ్వించిన బావి ఒక్కటే. అది పంపకాల్లో మా నాయనకూ, ఆయన తమ్ముడైన మా చిన్నాయనకూ చెరిసగం వచ్చింది. బావిని నిలువునా కోయలేరు కాబట్టి రోజులు పంచుకున్నారు. పొద్దు పొడిచింది మొదలు మరునాడు పొద్దు పొడిచే దాకా ఒకరిది, ఆ తరువాత రెండోవారిది. వంతు రోజున ఆ ఇంటి మనిషి వచ్చి గట్టు బండమీద తువ్వాలు పరిచి పొద్దుగూకే దాకా కూర్చోవాలి. వరుసగా మూడు వంతులు కూర్చోకుండా పోతే వంతు చెల్లిపోయినట్టే. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. రాసుకున్నవాటికంటే గట్టిగా నడిచింది.

ఊరంతా బోర్లు లోతుకు దిగాక బావి ఎండింది. అడుగున తుమ్మచెట్టు మొలిచింది. అరల్లో పావురాళ్లు గూళ్లు పెట్టాయి. అయినా నాయనా చిన్నాయనా పోయాక కూడా, మా రోజున తమ్ముడు తువ్వాలు భుజాన వేసుకుని పోయి కూర్చునేవాడు. వాళ్ల రోజున చిన్నాయన కొడుకు వచ్చి కూర్చునేవాడు. కూడలిలో టీ అంగడి ఆయన ఒకసారి తమ్ముడి ముందే అన్నాడట: "నీళ్లు ల్యాకపోతే ఏమప్పా, ఒకరు మార్చి ఒకరు గాలి తోడుకుంటాండారు." తమ్ముడు కూడా నవ్వాడట. అప్పటికింకా నవ్వు వచ్చే కాలమే.

ఆ తరువాత సోలారు పలకలవాళ్లు వచ్చారు. మెట్టభూములు అడగడం మొదలుపెట్టారు. చిన్నాయన కొడుకు తన రాళ్లపొలమంతా ఇస్తానన్నాడు. ఆ పొలానికి లారీ పోవాలంటే దారి మా బావి పక్కనుంచే. బావిలో మా సగమూ దాని చుట్టున్న మా నేలా తనకు అమ్మమని కబురు పంపాడు. తమ్ముడు అమ్మనన్నాడు. రెండోసారి కబురు రాలేదు. అది నాకు మంచిగా తోచలేదు. మా వైపు బేరం కుదరనప్పుడు మనుషులు ఇంకా గట్టిగా అరుస్తారు. అరవకుండా ఊరుకున్నారంటే ఇక అడగదలచుకోలేదని అర్థం.

ఆ ఎండాకాలమంతా చిన్నచిన్నవి జరిగాయి. ఏళ్లుగా ఇంటికొచ్చి తమ్ముడికి గడ్డం చేసే మంగలి ఒళ్లు బాగాలేదని రావడం మానుకున్నాడు. చూస్తే ఊర్లో అందరికీ చేస్తూనే ఉన్నాడు. తమ్ముడి బండి వెనక ఎక్కి ఎర్రగుంట్ల దాకా వచ్చేవాళ్లు, బస్సుకు పోతామని చెప్పడం మొదలుపెట్టారు. ఒకరోజు టీ అంగడి ఆయన భార్య పాలకు వచ్చి, పాలు పోయించుకున్నాక కూడా నిలబడే ఉంది.

"ఏంది?" అన్నాను.

"ఎవురో ఇద్దరొచ్చిండ్రి రెడ్డెమ్మా. మన పక్కోళ్లు కాదు. టీ తాగినారు. మీ తమ్ముడు బావికాడికి ఏ దావన పోతాడని అడిగినారు."

"మీ ఆయన ఏం జెప్పినాడు?"

"తెలీదన్నాడు. వాళ్లు నగినారు. ఒకటే దావ గదా."

ఆమె పోయాక పాలగిన్నె కడిగి బోర్లించాను. తమ్ముడు వంతు రోజున ఒంటరిగా కూర్చుంటాడన్నది ఊరంతటికీ తెలుసు. ఏ రోజో కూడా తెలుసు. ముత్తాత కాలం నుంచి తెలుసు. మనిషిని వెతకవలసిన పనే లేదు.

తమ్ముడితో చెప్పాను. "ఒక మూడు తడవలు పోవద్దు. వంతు పోతే పోనీ."

"పోతే పోనీ అని నాయన ఎప్పుడన్నా అన్నాడా?" అన్నాడు.

అనలేదు.

ఆ రోజుల్లోనే పేటవాళ్ల ఇథియోపియా లెక్చరరు సెలవు మీద వచ్చాడు, వాళ్ల నాయన సమాధికి బండలు వేయించడానికి. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వాళ్ల నాయన నాకు పదేళ్లున్నప్పుడు కూడా నన్ను రెడ్డెమ్మా అనే పిలిచాడు. ఇతను అక్కా అన్నాడు. కుర్చీ చూపించాను, కూర్చున్నాడు. కాఫీ తాగి, తను పనిచేసే ఊరికి దగ్గర్లో పెద్ద పండ్లతోట ఉందనీ, అంటు కట్టడం తెలిసిన మేస్త్రీ కోసం చూస్తున్నారనీ చెప్పాడు.

"చీనీ అంటులో నీయంత చెయ్యి తిరిగినోడు ఈ చుట్టుపక్కల ల్యాడప్పా. రాకూడదా?" అని తమ్ముడిని అడిగాడు.

"ఇథియోపియాకు కూలికి రావల్నా? ఆడ ఇంకా కరువు దీరిందో ల్యాదో," అన్నాడు తమ్ముడు.

"మనకు తీరిందా?" అన్నాడు లెక్చరరు. ఇద్దరూ నవ్వారు. తరువాత అతను క్లాసులో చెప్పే పాఠం ఒకటి చెప్పాడు. గొంతు పెంచకుండా, నేలవైపు చూస్తూ చెప్పాడు.

"హవాయి అని సముద్రం నడుమ దీవులుండాయి. ఆ నేల వాళ్ల తాతలదే. రాజులుండ్రి, రాణి ఉండె. చెరుకు తోటలోళ్లు వచ్చి చేరిరి. నేల పాయ, తర్వాత రాజ్యం పాయ, కడకు అమెరికాలో కలిసిపాయ. ఇప్పుడు ఆ దీవుల్లో ఇల్లు కొనల్లంటే వాళ్లకే తాహతు ల్యా. కొందరు సముద్రం ఒడ్డున గుడ్డల డేరాల్లో ఉండారు. తాతల నేలమీదనే. అదే అమెరికా దేశానికి ఇథియోపియావాళ్లు ఉత్తచేతులతో పోయినారు. టాక్సీలు తోలినారు, ఆసుపత్రుల్లో ఊడ్చినారు, హోటళ్లు పెట్టినారు. అందరూ బాగుపడినారని చెప్పను. బీదోళ్లు శానామందే ఉండారు. కానీ పిల్లోళ్లు చదువుకున్నారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, ఎందుకిట్లయిందో చెప్పమని అడుగుతా."

"ఏం జెప్తారు?" అన్నాను.

"ఒక పిల్లోడు వాళ్లింటి సంగతి చెప్పినాడక్కా. చక్రవర్తి దిగిపోయినాక, ఆ దేశంలో పెద్దోళ్ల భూములన్నీ ఒక్క ఉత్తరవుతో సర్కారు తీసుకుండె. ఆ దినం వాళ్ల తాత ఏడ్చుకుంటా మంచమెక్కినాడంట. వాళ్ల నాయన బడికి పోయినాడంట."

తమ్ముడు అన్నాడు: "అంటే మేము హవాయోళ్లు. మీరు ఇథియోపియావోళ్లు. ఇంతే గదా నువ్వు సెప్పేది?"

"నేనామాట అనల్యా."

"అనకుండానే సెప్పినావులే. బాగా సదువుకున్నావు."

లెక్చరరు లేచి, పోయొస్తానక్కా అని వెళ్లిపోయాడు. మర్యాదగానే వెళ్లాడు. నాకు ఆ పోలిక నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చాలాసేపు ఆలోచించాను. ఆ దీవులవాళ్లను బయటివాళ్లు వచ్చి ముంచారు. మమ్మల్ని ముంచడానికి బయటినుంచి ఎవరూ రాలేదు. చెరుకు తోటలవాళ్లు లేరు, ఓడలు లేవు. ఒక బావి, ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, అంతే. ఆ లెక్కన మా సంగతి వాళ్లకంటే చెడ్డది. పేటవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు మావాళ్లు. అందుకే వాళ్లకు విడిచిపెట్టి పోవడం సులువయింది.

మరునాడు వంతు మాది.

తెల్లవారుతుండగా తమ్ముడు ముఖం కడుక్కుంటున్నాడు. తువ్వాలు దండెం మీద ఉంది. నేను తీసి భుజాన వేసుకున్నాను.

"యాడికి?" అన్నాడు.

"బావికాడికి. ఈ తడవ నాది."

"ఆడోళ్లు గట్టుమీద కూచుంటారా? ఊరు నగుతాది."

"నాయన ఆస్తిలో చట్టం ప్రకారం సగం నాది. సగం నాదైతే వంతులోనూ సగం నాది. ఇన్నేండ్లు నా వంతు గూడా నువ్వే కూచున్యావు. నేను అడగల్యా. ఈపొద్దు అడుగుతాండా."

తమ్ముడు నీళ్లు కారుతున్న ముఖంతో అలాగే నిలబడ్డాడు. వంతు అన్న మాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటున్న మనిషి, నా వంతును కాదనలేడు. ఆ మాటకు మా ఇంట్లో ఉన్న బలం అది. దాన్ని ఆ విధంగా వాడవచ్చునని నాకు రాత్రంతా కూర్చుంటే తట్టింది.

నేను పొలం దారిన ఒంటరిగా నడవడం అదే మొదలు. మా ఇంటి ఆడవాళ్లు బండి లేకుండా గేటు దాటలేదు. బావి గట్టున కడపబండ మీద తువ్వాలు పరిచి, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఎండెక్కింది. పావురాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. గొర్రెలు కాసే మనిషి ఒకడు నన్ను చూసి, మందను మళ్లించుకుని వేరే వైపు తోలుకుపోయాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే తెల్ల బండి ఒకటి వచ్చి దారి పక్కనున్న తుమ్మల దగ్గర ఆగింది. ఇంజను ఆపలేదు. చిన్నాయన కొడుకు దిగాడు. వెనక సీట్లో ఇద్దరున్నారు. ఒకడు తలుపు తీసుకుని కాలు కింద పెట్టాడు. అంత ఎండలో వాడు మెడదాకా దుప్పటి కప్పుకుని, కుడిచేయి బయటికి తీయకుండా ఉన్నాడు.

చిన్నాయన కొడుకు నన్ను చూసి నిలబడిపోయాడు. తరువాత వెనక్కి తిరిగి చేయి ఊపాడు. దుప్పటి మనిషి కాలు లోపలికి తీసుకున్నాడు.

"ఏందక్కా, నువ్వొచ్చినావు?"

"ఈపొద్దు వంతు మాది."

"మీదే. నేను కాదన్నానా? వాడేడీ?"

"ఇంట్లో ఉండాడు. ఈ తడవ నేను."

చిన్నరాయి తీసి బావిలో వేశాడు. నీటి చప్పుడు రాలేదు. పావురాళ్లు లేచాయి.

"సర్లే," అన్నాడు. "నువ్వొచ్చినావు కాబట్టి సరిపాయ."

ఆ మాటకు అర్థం ఏమిటని నేను అడగలేదు. అడిగితే అతను చెప్పవలసి వచ్చేది.

"నీకు కావల్సింది లారీకి దావ. అంతేగదా?"

"దావ ఇంగొక పక్కనించి గూడా తీయొచ్చక్కా. నాకు బావే కావల్ల. మీ నాయన మా నాయనను ఇదే గట్టుమీద నుంచి లెయ్ అన్నాడు. ఊరంతా సూస్తాండె. మా నాయన తువ్వాలు దులుపుకోని లేచినాడు. నేను చిన్నోన్ని, పక్కనే ఉంటి."

నాకు ఆ రోజు గుర్తుంది. నాయన అన్నది సరైన మాటే. ఆ రోజు వంతు మాది. ఆ సంగతే చెప్పాను.

అతను నవ్వాడు. "నువ్వు మీ నాయన బిడ్డవే."

"బావి నువ్వే తీసుకో," అన్నాను. "గట్టు, చుట్టూ నేల, దావ, అన్నీ తీసుకో. మనిషిని ఇడిసిపెట్టు."

"వాడు వేలిముద్రేసినా సాలు, సంతకం జేసినా సాలు. వచ్చే వంతు లోపల," అన్నాడు. బండి వైపు పోతూ ఆగి, "ఎండలో కూచోవద్దక్కా, ఇంటికి పో. నీ వంతును ఎవురూ ఎత్తుకపోరు," అన్నాడు.

నేను పోలేదు. పొద్దుగూకే దాకా కూర్చున్నాను. వంతు అంటే వంతే.

ఇంటికి వచ్చాక తమ్ముడికి అన్నం పెట్టి జరిగింది చెప్పాను. బండి సంగతి, చిన్నాయన కొడుకు అన్న మాటలు చెప్పాను. దుప్పటి సంగతి చివర చెప్పాను.

అతని చేయి కంచంలో ఆగింది. "ఎండకు కప్పుకున్యాడేమో," అన్నాడు.

"ఎండకే," అన్నాను.

మెతుకులు కలిపాడు. తినలేదు. చేయి కడుక్కుని వచ్చి, నా ముఖం చూడకుండా అడిగాడు: "ఆ లెక్చరరు పోయినాడా, ఇంకా ఊర్లోనే ఉండాడా?"

ఉన్నాడన్నాను.

తమ్ముడు ఇప్పుడు ఇథియోపియాలో పండ్లతోటలో మేస్త్రీ. నెల జీతం. ఫోను చేస్తే చెట్ల సంగతి మాట్లాడతాడు, ఊరి సంగతి అడగడు. ఇక్కడ కూడలిలో కొత్తవాళ్లు ఎవరైనా టీ తాగడానికి ఆగితే, అంగడి ఆయన భార్య ఇప్పటికీ నాకు వచ్చి చెబుతుంది.

తమ్ముడు పోకముందే, ఆ గడువు లోపలే, బావిలో మా సగాన్నీ, దాని చుట్టూ ఉన్న నాలుగెకరాలనూ, బండిదారినీ పులివెందులలో చిన్నాయన కొడుకు పేరున రిజిస్టరు చేయించాం. చూసుకునే మనిషి లేక చీనీతోట కూడా అమ్మేశాను. కొన్నవాళ్లు చెట్లు కొట్టేసి కట్టెలకు తోలుకుపోయారు.