సురంగల్ పేరుతో సేవ్ చేసిన ఆట

మాకు పదేళ్లు నిండని రోజుల్లో... మొయినాబాద్‌లోని మా పెద్దనాయన ఇంట్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులతో ప్రవేశించడం నిషిద్ధం. కాళ్లు కడుక్కున్న ఐదుగురు పిల్లలం చాప మీద వరుసగా కూర్చునేవాళ్లం. కుర్చీ ఒక్కటే... అది పెద్దనాయన కొడుకు శ్రీకాంత్ అన్నది.

రోడ్డు పక్క పొలం అమ్మిన పెద్దనాయన, కొడుకును సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చేయాలన్న లక్ష్యంతో ఆ యంత్రాన్ని కొన్నాడు. కొడుకు దానిని పూర్తిగా ఆటలకే వినియోగించాడు.

మౌస్ మగపిల్లల చేతుల్లోనే తిరిగేది. సురంగల్ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చిన నాకు, ఆడపిల్లనైనందున, చూసే హక్కు మాత్రమే దఖలు పడింది. చూస్తూ కూర్చున్నవారికి అభిప్రాయాలు ఏర్పడతాయి... ఆ విధంగా నేను విమర్శకురాలినయ్యాను. ఏ ఆట పెట్టాలో శ్రీకాంత్ అన్న నన్ను సంప్రదించే స్థాయికి నా పదవి ఎదిగింది.

కార్ల పందెం నమ్మదగినది కాదని తేల్చాను. అందులో ఎదురుగా లారీ రాదు, గొర్రెల మంద అడ్డం రాదు. చేవెళ్ల రోడ్డు మీద ఒక్కసారి బస్సెక్కినవారెవరూ దానిని రోడ్డుగా అంగీకరించరు.

తుపాకీ ఆట మీద నా ఆక్షేపణ తలుపుల గురించి. ప్రతి తలుపు వెనుకా ఎవడో ఒకడు సిద్ధంగా ఉంటాడు... అది చూశాక వారం రోజులు స్నానాల గదికి పెద్దమ్మను తోడు రమ్మన్నాను. గళ్ల కింద బాంబులు దాచిన ఆట మాత్రం నిజాయితీ గలది. చుట్టుపక్కల ఎన్ని బాంబులున్నాయో అంకె వేసి మరీ హెచ్చరిస్తుంది.

ఆ తరువాత శ్రీకాంత్ అన్న ఎవరినో బతిమాలి తెచ్చిన సీడీలో ఊరు కట్టే ఆట వచ్చింది... పచ్చని నేల ఇస్తారు. చదును చేసి, గీతలు గీసి, రోడ్లు వేస్తే ఇళ్లు లేస్తాయి. అందులో శత్రువు లేడు. ఎవరూ చావరు. అందరూ మెచ్చుకున్నారు. నేనొక్కదాన్నే భయమైతుందని అన్నాను.

"ఏముందే ఇందుల భయపడనీకి? బొమ్మ ఇండ్లే గద," అన్నాడు శ్రీకాంత్ అన్న.

"చెట్లు తీసేస్తుంటే ఎవ్వరు అడ్డమొస్తలేరు గదన్నా."

"నువ్వే ఆడి చూడు. భయం పోతది."

మొదటిసారి కుర్చీ ఎక్కాను. ఊరి పేరు రాయమని తెర అడిగింది... నాకు బాగా తెలిసిన ఊరు ఒక్కటే. సురంగల్ అని కొట్టాను. తెర మీద ఒక వాగు ఉంది, మా పొలం పక్కన ఉన్నట్టే. చేతికొచ్చిన కొత్త అధికారంతో వాగు ఒడ్డంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చదును చేశాను. ఇళ్లు లేచాయి. అన్న సేవ్ చేశాడు.

ఆదివారం బాపు లూనా మీద వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లాడు... మా పొలంలో, వాగు ఒడ్డున, టమాట చాళ్ల మీదుగా సున్నం గీత పోతోంది. గీత వెంట తెల్లరంగు వేసిన రాళ్లు.

నేను తెర మీద చదును చేసిన ఒడ్డు అదే. బాపు బండి ఆపలేదు, అటు చూడలేదు. నేనూ ఏమీ అడగలేదు... నేరం చేసినవారు సాధారణంగా అడగరు.

మరునాడు కిరాణా దుకాణం ముందున్న రూపాయి ఫోన్ నుంచి మొయినాబాద్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, సురంగల్ తీసెయ్యి. మళ్ల పచ్చగ జెయ్యి."

"నువ్వు గట్టిన ఊరా? ఇండ్లు లేచినంక పచ్చగ ఎట్లైతదే పిచ్చిదానా. కొత్తది మొదలువెట్టుకో."

"నాకు పాతదే గావాలె."

అన్న నవ్వి పెట్టేశాడు.

నాలుగు రోజులు కంచంలో అన్నం వదిలేశాను. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, దిష్టి తీసింది. రోజూ పొద్దున్నే వాగు దాకా నడిచి, రాళ్లు ఎంత ముందుకొచ్చాయో చూసి వచ్చేదాన్ని... అవి రోజూ ముందుకే వచ్చేవి.

ఐదో రోజు మధ్యాహ్నం, మంచం మీద ఒంటరిగా కూర్చున్న బాపు ఎదుట నిలబడి పూర్తి నేరాంగీకారం సమర్పించాను. ఊరి పేరు, చదును చేసిన హద్దులు, సేవ్ చేసిన వ్యక్తి వివరాలతో సహా. నవ్వుతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. రెంటికీ సిద్ధపడే వచ్చాను.

బాపు నవ్వలేదు, కొట్టలేదు.

"నువ్వు జేస్తే అయ్యేది గాదు బిడ్డ," అన్నాడు. "ప్లాట్లు జేసెటోళ్లకు చేను ఇస్తనని నేనే దస్కతు వెట్టిన. పోయిన నెలల."

"ఎందుకు వెట్టినవ్ బాపు?"

"చుట్టు అందరు ఇచ్చిండ్రు. మనమొక్కలం నడుమల మిగిలితె చేనుకు పోనీకి తొవ్వ ఉండదన్నరు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అవ్వకు సర్వే రాళ్లని చెప్పిన. నువ్వేం అనకు."

నేను నిర్దోషినని ఆ విధంగా రుజువైంది... కానీ నా భయం తగ్గలేదు. పెద్దవాళ్లకు కూడా భయం వేస్తుందని, వేసినప్పుడు వాళ్లు దస్కతు పెడతారని అప్పటిదాకా నాకు తెలియదు.

నేను అవ్వకు చెప్పలేదు. మొదటి వాన పడ్డ తెల్లారి, అవ్వ విత్తనాల మూట చంకన పెట్టుకుని చేను దారి పట్టింది... గడపలో బాపు, నేను నిలబడి చూస్తున్నాం. ఇద్దరిలో ఎవరూ ఆమెను వెనక్కి పిలవలేదు.

ఇప్పుడు మా ఇంటి పిల్లలకు తలా ఒక ఫోన్, ఫోన్ నిండా ఆటలు... ఏ ఆటకూ భయపడరు. మన చేను ఎక్కడుండేదని అడగరు.

మీ ఊళ్లో మొదటి తెల్లరాయి ఎవరి చేనులో పడింది? ఆ రోజు మీ ఇంట్లో ఎవరు, ఎవరికి చెప్పకుండా దాచారు? గుర్తున్నవారు ఈ దిగువన రాయగలరని మనవి...