అక్రోటు నూనెలో ఆవాలు

అక్రోటు నూనె సీసా మూత తిప్పితే చాలు, ఇప్పటికీ నా ముక్కు నాకన్నా ముందే పొయ్యి దగ్గరికి దూకుతుంది. వేయించిన పప్పుల కమ్మదనం, దాని వెనకాలే సన్నని వగరు. ఆ వాసనకు సరోజమ్మ గుర్తొస్తుంది. వర్తూరులో పుట్టి పెరిగిన మనిషి. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసులకు మధ్యాహ్న భోజనాలు పంపే వంటశాల ఆమెది. ఏడో తరగతిలో బడి వదిలేసిన నన్ను (బడే నన్ను వదిలేసిందని మా అమ్మ వాదన) కూరగాయలు తరగడానికి పెట్టుకుంది. నా చేతికన్నా నోరే ఎక్కువ ఆడేది. పొయ్యి నాకివ్వమని ఏడాది పాటు ఆమె ప్రాణం తీశాను.

ఒకరోజు ఇచ్చింది. ఒక ఆఫీసు మేడమ్ రుచి చూడటానికి వస్తోంది, నచ్చితే వాళ్ల భోజనాలన్నీ మావే. తనకిష్టమైన అక్రోటు నూనెతో వండమని ఒక సీసా కూడా పంపించింది. వంట కుదిరితే పొయ్యి నీది, లేదంటే మళ్లీ ఉల్లిపాయలేనని సరోజమ్మ ముందే చెప్పేసింది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఖరీదైన నూనె కదా, పొగలొచ్చేదాకా కాచి, ఆవాలు, ఎండుమిర్చి వేసి పప్పులో గుమ్మరించాను. ఘుమఘుమలకు బదులు చేదు వచ్చింది. అక్రోటు కాశ్మీరు పిల్ల, మన ఆవాల చిటపటలకు జడుసుకుందని జోకేశాను.

సరోజమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

"జోకు బాగుండాదప్పా. పప్పు బాగలేదు. పొడన్నంలోకి నూనె కాచి పోసుకుంటావా, పచ్చిదే పోసుకుంటావా?"

ఆ ఒక్క ముక్కతో నాకంతా తెలిసిపోయింది. ఆ నూనె రుచంతా పచ్చిదనంలోనే ఉంది. నేను దాన్ని మంట మీద చంపేశాను. ఇంకా గంట టైముంది. ఆమె పొయ్యి లాక్కోలేదు. తనే నా కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరిగింది. నేను పరుగులు పెట్టి, వేరుశనగ నూనె తాలింపుతో పప్పు మళ్లీ చేశాను. వేడన్నంలో పుట్నాల పొడి కలిపి, చివర్లో అక్రోటు నూనె సన్నగా తిప్పాను.

మేడమ్ కూర్చుంది. నా దగ్గర మూడు జోకులు సిద్ధంగా ఉన్నాయి.

"ఆయమ్మ మింగేదాకా నోరు తెరవద్దప్పా," అంది సరోజమ్మ నా చెవిలో.

ఒక ముద్దను అంతసేపు నమిలిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. చివరికి ఆవిడ పొడన్నం గిన్నె తన వైపు లాక్కుంది. సరోజమ్మ నన్ను మెచ్చుకోలేదు. రేపటికి కందిపప్పు ఎంత కావాలో నన్నడిగింది!

ఇప్పటికీ నా వంట ఎవరు తిన్నా, మొదటి ముద్ద మింగేదాకా నోరు మూసుకుంటాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లనడగండి.