ట్యూబులైటు కింద మెంతికూర

మా ఇంటి వెనక గదికి కిటికీ లేదు. పలాసలో మాలాంటివాళ్లకు దొరికే అద్దె ఇళ్లు చాలావరకు అలాగే ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ గదిలోనే నేను ఆకుకూరలు పండించాను. వినేవాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుందని తెలుసు. అప్పుడూ నవ్వారు.

మేడ మీద పెంచుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవారు. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ మా వీధి మీదుగానే పోయేది. ఉదయం ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది. ఆ మసి పడిన ఆకు ఎవరు తింటారు? పైగా నేను పెంచుతున్నది జబ్బు మనిషి కోసం.

జబ్బు మనిషి మా నాన్న. కవిటి దగ్గర కొబ్బరితోట చేసుకునేవాడు. ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఈ జబ్బుకు ఎవరి కారణం వాళ్లకుండేది. కొందరు నీళ్లన్నారు, కొందరు మన్నన్నారు. అమ్మ అప్పటికే లేదు కాబట్టి నాన్నను నా దగ్గరకు తెచ్చుకున్నాను. టెక్కలిలో చూపిస్తే, డయాలసిస్ దాకా పోకుండా ఎన్నాళ్లు నెట్టుకురాగలమో చూద్దామన్నాడు డాక్టరు. ఉప్పు తగ్గించాలి, కొబ్బరినీళ్లు తాగకూడదు, ఆకుకూరలు పెట్టకూడదు అన్నాడు. ఆ మాటను నేను నాకు తోచినట్టు అర్థం చేసుకున్నాను. వద్దన్నది మా ఊరి మన్నులో, మా ఊరి నీళ్లతో పెరిగిన ఆకు అనుకున్నాను. డాక్టరు అలా అనలేదు. మా ఊళ్లో ఎవరిని అడిగినా మాత్రం అలాగే చెప్పేవారు, నేనూ ఆ ఊరిదాన్నే. మంచి మన్నులో పెరిగిన ఆకు నాన్నకు మందులా పనిచేస్తుందని గట్టిగా నమ్మాను.

దారి చూపించింది నేను పనిచేసే జీడి ఫ్యాక్టరీ. పప్పు ఏరే బల్లల మీద ట్యూబులైట్లు బాగా కిందికి వేలాడదీసి ఉండేవి, విరగని గుండేదో, విరిగిన బద్దేదో తేడా తెలియాలని. ఆ హాలులోకి ఎండ రాదు. అయినా నా బల్ల చివర గోడ పగుల్లో ఏదో గడ్డిమొక్క పచ్చగా లేచి ఉంది. రోజూ చూస్తున్నదే, ఒకరోజు దాన్ని చూసి చెయ్యి ఆగిపోయింది.

ఖాళీ పప్పు డబ్బాలను అడ్డంగా కోయించి, అడుగున మేకుతో చిల్లులు పెట్టాను. రెండు ట్యూబులైట్లను తాళ్లతో జానెడు ఎత్తున వేలాడదీయించాను. మన్ను పక్క స్టేషను సుమ్మాదేవి నుంచి తెలిసినావిడ గోనెసంచిలో కట్టి ప్యాసింజరు బండిలో తెచ్చి పెట్టింది. అది ఉద్దానం కాదని నా లెక్క. అక్కడికి ఉద్దానం ఎంత దూరమని ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ సంచి రాకముందు నాన్న తన తోట మన్ను తెప్పిస్తానన్నాడు. ఆ మన్ను వద్దు నాన్నా అన్నాను. నలభై ఏళ్లు ఆ మన్నులో కష్టం చేసిన మనిషి. తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకున్నాడు.

మొదట మెంతికూర బాగా వచ్చింది. కొత్తిమీర మాత్రం సన్నగా సాగి పక్కకు వాలిపోయేది. నాన్న పీట వేసుకుని కూర్చుని, ఒత్తుగా ఉన్నచోట మొలకలు ఏరి తీసేసేవాడు. మొక్కకీ మొక్కకీ మధ్య వేలు పట్టాలనేవాడు. కరెంటు పోయినప్పుడు కూడా అక్కడే కూర్చునేవాడు. మెంతికూర పప్పు ఉప్పు లేకుండా చేసి పెడితే పళ్లెం ఖాళీ చేసేవాడు. అన్నం సయించని మనిషి తింటున్నాడని నాకు గర్వంగా ఉండేది. ఫ్యాక్టరీలో ఆడవాళ్లందరికీ చెప్పుకున్నాను. అలా అయిదు నెలలు గడిచాయి.

ఒక ఉదయం నాన్న మంచం మీంచి లేవబోయి లేవలేకపోయాడు. కాళ్లలో సత్తువ లేదన్నాడు. టెక్కలి తీసుకెళ్తే రక్తపరీక్ష చేసి, ఏం పెడుతున్నావమ్మా అని అడిగాడు డాక్టరు. నేను గొప్పగా చెప్పాను, మన్నుతో సహా. ఆయన కలం పక్కన పెట్టేశాడు. ఎక్కడ పెరిగినా ఆకులో పొటాషియం ఉంటుందనీ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదనీ, అది పేరుకుంటే గుండె ఆగిపోతుందనీ ఓపిగ్గా చెప్పాడు. డయాలసిస్ ఎలాగూ వచ్చేదే, అందులో నీ తప్పు లేదన్నాడు. ఇంకో వారం ఆ కూర పెట్టి ఉంటే మాత్రం మనిషి దక్కేవాడు కాదన్నాడు. అంతగా తినాలనిపిస్తే ఎప్పుడైనా ఒక్కసారి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి, రెండు ముద్దలు పెట్టమన్నాడు.

రెండు రోజులు అక్కడ ఉంచి పంపారు. బస్సు ఎక్కాం. నౌపడ దాటాక నాన్న కిటికీలోంచి ఉప్పుమళ్లకేసి చూస్తూ అన్నాడు:

"నాకు ఎరికే అమ్మీ. ఏ మన్నుదైనా ఆకు తినకూడదని ఆ డాక్టరు మొదట్లోనే నాతో సెప్పినాడు."

"మరి ఎందుకు తిన్నావు?"

"లైట్లు కట్టి, మన్ను మోయించి పెంచినావు. వద్దని ఎలగ సెప్పేది?"

నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద ఎక్కువో ఆయన మీద ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. ఇంటికి వచ్చి లైట్లు ఆర్పేశాను. రెండు రోజులు అన్నం పెట్టడమే తప్ప ఆయనతో మాట్లాడలేదు.

మూడోరోజు డబ్బాల్లో మిగిలిన మెంతికూర కోసి, డాక్టరు ఒకసారి చెప్తే నేను రెండుసార్లు ఉడికించి రెండుసార్లు వార్చాను. చివరికి గిన్నెలో మిగిలింది పాచిరంగు ముద్ద. పళ్లెం అంచున కొంచెం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నా మొహంలోకి చూశాడు. మింగకుండా పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"బాగోలేదే. తీసెయ్యి" అన్నాడు.

పళ్లెం తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది, సంతోషంగానూ ఉంది. ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర ఉన్నాడు. ఏది తినలేడో, ఎక్కడ నొప్పో నాతో చెప్పేవాడు. భయమేస్తోందని కూడా ఒకసారి చెప్పాడు.